ఆకు లేని పువ్వు, పువ్వు లేని ఆకు

ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా గళ్ళు గీసిన కాగితంలాగా కనబడేది. ఏ వస్తువు ఎదురైనా, ఏ మనిషి ఎదురైనా, అది ఏ గడిలో పడుతుందో తేలేదాకా నాకు తోచేది కాదు. కాలేజీలో వృక్షశాస్త్రం చదివి అప్పుడే బయటపడ్డానేమో, మొక్కల్ని ఎలా విడదీయాలో నేర్పిన ఆ చదువు నా బుర్రలో ఇంకా పచ్చిగానే ఉండేది. మొక్కలతో ఆగితే బాగుండేది. నంద్యాలలో నేను అద్దెకున్న గది గోడమీద చొక్కాలకు ఒక పట్టిక, ఆర్టీసీ బస్సులకు ఒక పట్టిక ఉండేవి. బంధువులందరినీ గుణాలను బట్టి వర్గీకరించిన పట్టిక మాత్రం పరుపు కింద ఉండేది. (అదొకసారి మా నాయన కంటబడింది. తనను 'కారణం లేకుండా గట్టిగా మాట్లాడేవారు' అన్న వర్గంలో వేసినందుకు గట్టిగా మాట్లాడాడు. ఈసారి కారణం ఉంది కాబట్టి ఆయన వర్గం మార్చాల్సి వచ్చింది.)

డెబ్బైల చివరి సంగతి ఇది. నంద్యాలలో ఒక కాలేజీలో డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. పేరు పెద్దదే కానీ ఉద్యోగం టెంపరరీ. ఏడాది తిరిగేసరికి ఉంటుందో ఊడుతుందో చెప్పేవాళ్ళు లేరు. నా ఆశంతా ఒక పెద్దాయన మీద ఉండేది. మద్రాసు వైపునుంచి ప్రాక్టికల్ పరీక్షలు చేయించడానికి మా కాలేజీకి వచ్చేవారు. మెడలో నల్లదారానికి కట్టిన భూతద్దం ఎప్పుడూ వేలాడుతుండేది కాబట్టి పిల్లలు ఆయనకు లెన్సు తాత అని పేరు పెట్టారు. ఆయన ఏడాదికి ఒక్కరినే తన దగ్గర పరిశోధనకు తీసుకునేవారు. "మార్కులు నాకెందుకయ్యా, నువ్వు నీ కళ్ళతో చూసినదేదైనా ఉంటే పట్టుకురా" అనేవారు. నేను చూసినదేమీ లేదు. చదివినవి మాత్రం కొండంత ఉన్నాయి. అందుకని ఆ ఏడాది వేసవి సెలవుల్లో ఎలాగైనా ఒక కొత్త జాతి మొక్కను కనిపెట్టి తీరాలని తీర్మానించుకుని, రేకు పెట్టె భుజానికి తగిలించుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. (కోసిన మొక్కలు వాడిపోకుండా పెట్టుకునే పెట్టె అది. బస్సులో ఒకామె దాన్ని టీకాల పెట్టె అనుకుని పిల్లల్ని తీసుకుని వెనక సీటుకు పోయింది.)

ఆళ్లగడ్డలో మా మేనత్త ఉండేది. అత్త, మామ ఒకే ఇంట్లో ఉన్నా ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునేవారు కాదు. కోపమనడానికి వీల్లేదు, వాళ్ళకు అలా అలవాటైంది, అంతే. "నీళ్లు తోడినానని చెప్పు మీ మామకు" అని అత్త నాతో అనేది. మామ నా పక్కనే కూర్చుని ఉండేవాడు. "వస్తాండా అని చెప్పురా" అని మామ నాతో అనేవాడు. అత్త తలుపు దగ్గరే నిలబడి ఉండేది. నేను ఊళ్ళో లేనప్పుడు ఎలా కాపురం చేసేవారో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా పిల్లితో చెప్పించుకునేవారేమో. మామకు కాలువ కింద వరి మడి ఉండేది, దానికి ఎగువన, నల్లమల అంచుకు ఆనుకుని, ఏమీ పండని రాళ్ళగుట్ట ఒకటి ఉండేది. నేను ఆ గుట్టను పట్టుకున్నాను.

అక్కడ పొద్దువాలే వేళ, కాళ్ళు కాలే రాళ్ళ సందులో దాన్ని చూశాను. నేలలోంచి నిటారుగా సన్నటి కాడ. ఆ కాడకు బూడిద రంగులో వేలాడే చిన్న చిన్న గంటలు. ప్రతి రేకు మీదా గోధుమరంగు చార. ఆకు మాత్రం ఒక్కటీ లేదు. చుట్టూ అంతా మాడి మసైపోయిన ఆ నేలలో ఎవరో గుచ్చి మరచిపోయినట్టుగా ఉంది. నేను బోర్లా పడుకుని భూతద్దం కంటికి ఆనించాను. ఎంతసేపు అలా ఉన్నానో, వెనకనుంచి మామ గొంతు వినబడింది.

"ఒరేయ్, ఏమైందిరా? ఎండదెబ్బ తగిలిందా?"

"లేదు మామా, పువ్వు."

"పువ్వా? యాడ?"

"ఈడ. నీ చెప్పు పక్కన. కదలొద్దు."

మామ చెప్పు జాగ్రత్తగా ఎత్తి చూశాడు. "దీనికోసమా బోర్లా పండుకున్నావు? మేకలు గుడక దీన్ని ముట్టవు గదరా!"

మేకలు ముట్టలేదంటే మనుషులు కూడా ముట్టలేదన్నమాటే అని నా తర్కం. అక్కడే కూర్చుని మొక్కల్ని గుర్తుపట్టే పుస్తకం తెరిచాను. ఆ పుస్తకం మనల్ని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది. గడ్డ ఉందా? ఉంది. పువ్వుకు రేకులెన్ని? చెప్పాను. ఇలా జవాబులు చెప్పుకుంటూ పోతే చివర మొక్క పేరు దొరకాలి. నాకు మాత్రం 'ఆకులు సన్నవా, వెడల్పా?' అన్న ప్రశ్న దగ్గర దారి మూసుకుపోయింది. ఆకులే లేవాయె. పుస్తకంలో లేదు కాబట్టి లోకంలోనే లేదు, లోకంలో లేదు కాబట్టి కొత్త జాతి! (నక్కవుల్లి అని దీనికి దగ్గరి చుట్టం ఒకటుంది. అది ముందు పూస్తుంది, ఆకులు ఆ తర్వాత వానల్లో వేస్తుంది. ఈ సంగతి ఆ ఏడాదే పిల్లలకు పాఠం చెప్పిన మహానుభావుణ్ణి నేనే. బోర్డు మీద బొమ్మ కూడా వేశాను.)

అక్కడికక్కడే వర్ణన రాయడం మొదలుపెట్టి, మామకు కూడా చదివి వినిపించాను. 'నివాసం: ఎడారిని పోలిన నేల' అనేసరికి మామ ముఖం మారిపోయింది.

"ఏందీ? ఎడారా? నా గుట్ట ఎడారా? ఆడ సూడు, కింద మడి యాడ దాకా ఉండాదో! వడ్లు పండిచ్చే మనిషిని పట్టుకోని ఎడారోడు అని పుస్తకంలో రాస్తావా?"

"గుట్ట సంగతి మామా, మడి సంగతి కాదు."

"గుట్టా నాదే, మడీ నాదే. రాస్తే రెండూ రాయి."

మామను చల్లబరచడానికి వేరే దారి లేక, కొత్త జాతిని కనిపెట్టినవాడు తన పేరు పెట్టుకోవడం మర్యాద కాదు కానీ తన మనుషుల పేరు పెట్టవచ్చని చెప్పాను. మామ కాసేపు గుట్ట వైపు చూశాడు. "అయితే నా పేరు పెట్టు. లాటిన్‌లో పెట్టినా పర్వాలేదు" అన్నాడు. సరేనన్నాను. ఇంటికి వచ్చేదాకా దారిలో కనబడిన ప్రతివాడికీ ఆ సంగతి చెప్పాడు. కొందరు ఏదో పదవి వచ్చిందనుకుని దండం పెట్టారు.

ఇక్కడే కథకు ముడి పడింది. మొక్కను వేర్లతో సహా కాగితాల మధ్య పెట్టి, చెక్క చట్రంలో బిగించి ఎండబెట్టడం మా పద్ధతి. అయితే గడ్డ ఉన్న మొక్కను అలాగే పెట్టకూడదు. గడ్డలో ప్రాణం పోదు. ముందుగా సలసల కాగే నీళ్ళలో ముంచి చంపాలి. అందుకని వంటింట్లోకి వెళ్ళి అత్తను ఒక గిన్నె అడిగాను. అంతవరకూ బాగానే ఉన్న అత్త, పేరు సంగతి అప్పటికే విని ఉన్నట్టుంది, అన్నం వార్చే సత్తు గిన్నెను కొంగు చాటుకు తీసుకుంది.

"ఎవురి పేరు పెడతాండావురా దానికి?"

"మామ పేరత్తా."

"అయితే మీ మామనే గిన్నె తెచ్చుకోమని చెప్పు. ఆయప్ప పేరు పెట్టే గడ్డకు నా గిన్నె ఎందుకియ్యాల? అది ఇసమో ఏమో. రేపు దాంట్లో అన్నం వండితే అందరం పోతాం. పోయినాంక నీ పువ్వుకు ఎవురు పూజ చేస్తారు?"

"నా గుట్ట మీద విషం పుట్టదని చెప్పురా ఆమెకు" అని వసారాలోంచి మామ కేక వేశాడు.

గిన్నె దొరకలేదు. నేను ప్రత్యామ్నాయం ఆలోచించాను. ఆళ్లగడ్డలో మే నెల ఎండ, నాపరాళ్ళు పరిచిన మిద్దె. మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద అప్పడం పెడితే కాలుతుంది. రోజంతా ఆ గడ్డను అక్కడ పెడితే చావక ఏం చేస్తుంది? పెట్టాను. (అది పుట్టి పెరిగినదే అలాంటి రాళ్ళ మీద అన్న సంగతి నాకు ఆ క్షణంలో స్ఫురించలేదు.) సాయంత్రం దించి చట్రంలో బిగించాను. బెల్టులు బిగియడం లేదంటే మామ స్వయంగా దానిమీద కూర్చున్నాడు. తన పేరు పెట్టుకునేదానిమీద అంత బరువుగా కూర్చున్నవాళ్ళు చరిత్రలో ఉండరు. వారంపాటు కాగితాలు మార్చి, ఇక బాగా ఎండిందని నమ్మకం కుదిరాక, కట్టకట్టి నంద్యాల తీసుకువచ్చి కాలేజీ బీరువాలో పెట్టి తాళం వేశాను. లెన్సు తాత వచ్చి తన చేతులతో విప్పేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదని బీరువాకు చీటీ అంటించాను. నేను కూడా ముట్టలేదు. నియమం నియమమే.

వానలు పడ్డాక, ఆ మొక్కకు కాయలు పట్టి ఉంటాయి, అవి కూడా ఉంటే బాగుంటుందని మళ్ళీ ఆళ్లగడ్డ వెళ్ళాను. వేసవిలో పూలు దొరికిన చోట గుర్తుకోసం మూడు రాళ్ళు పేర్చి వచ్చాను. అవి కనబడలేదు. మామ పకపకా నవ్వాడు. "గుట్ట మీద రాళ్ళు పెట్టి గుర్తంటావా? సెరువులో సెంబుడు నీళ్ళు పోసి గుర్తు పెట్టుకున్నట్టుండాది నీ యవ్వారం!" అన్నాడు. గుట్టంతా గాలించాను. కాడలు లేవు, పూలు లేవు, కాయలు లేవు. వాటికి బదులు ఆ రాళ్ళ సందుల్లోనే, ఎక్కడ చూసినా, సన్నని ఆకుల గుబురులు. ప్రతి ఆకు కొసా చేతిగడియారంలో స్ప్రింగులాగా చుట్టుకుని ఉంది. అలాంటి ఆకును నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. పుస్తకం తెరిచాను. ఈసారి ఆకుల ప్రశ్న సాఫీగా దాటి, 'పువ్వు ఏ రంగు?' దగ్గర ఆగిపోయాను. పువ్వే లేదు. కాబట్టి ఇది కూడా కొత్త జాతి!

ఒక మనిషికి ఒకే ఏడాదిలో, ఒకే గుట్ట మీద రెండు కొత్త జాతులు. నాకు కళ్ళు తిరిగినంత పనైంది. అంతకంటే ఘోరం, నాకొక సిద్ధాంతం కూడా పుట్టింది. ఆకుల జాతి బలమైనది. అది వ్యాపించి పువ్వుల జాతిని గుట్ట మీదనుంచి తరిమేసింది. నేను చూసింది ఆ పువ్వుల జాతి చివరి సంతతి! ఆ మాట రాస్తున్నప్పుడు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాత్రి అన్నం దగ్గర ఈ సంగతి చెప్పాను. అత్త వడ్డిస్తున్నది చటుక్కున ఆపింది.

"ఇంగొకటి దొరికిందా? మరి దీనికేం పేరు?"

"నీ పేరే పెడదామనుకుంటున్నానత్తా."

నా కంచంలో నెయ్యి మూడోసారి పడింది. తర్వాత మెల్లగా, "నాది బలమైందన్నావు గదూ? ఆయప్పదాన్ని తరిమేసిందన్నావు గదూ? ఆ మాట ఇంగోసారి గట్టిగా చెప్పు" అంది. తెల్లవారి నేను అడక్కుండానే అదే సత్తు గిన్నెలో నీళ్ళు కాగి సిద్ధంగా ఉన్నాయి. ఆకుల అడుగునుంచి తవ్వి తెచ్చిన అత్త గడ్డ శాస్త్రం చెప్పిన విధంగా, మర్యాదగా చచ్చిపోయింది.

ఆ తర్వాత కొన్ని వారాలకు లెన్సు తాత పరీక్షలకు వచ్చారు. ఆయన వస్తున్నారని ఆళ్లగడ్డకు ఉత్తరం రాశానో లేదో, అత్తా మామా బస్సు దిగారు. మామ ఇస్త్రీ పంచె, అత్త పట్టుచీర. ఇద్దరూ బస్సులో ముందు సీట్లో ఒకరు, వెనక సీట్లో ఒకరు కూర్చుని వచ్చారట. ప్రయోగశాలలో రెండు స్టూళ్ళు వేయించి కూర్చోబెట్టాను. లెన్సు తాతకు ముందుగా నేను రాసిన తేడాల పట్టిక చేతికిచ్చాను. ఆయన దాన్ని నింపాదిగా, పైకే చదివారు.

"మొదటి జాతికి ఆకులుండవు, రెండవ జాతికి ఉంటాయి. మొదటిది పూస్తుంది, రెండవది పూయదు. మొదటిది వేసవిలో కనబడుతుంది, వానల్లో కనబడదు. రెండవది వానల్లో కనబడుతుంది, వేసవిలో కనబడదు." తల ఎత్తి నావైపు చూశారు. "ఈ రెండూ ఎప్పుడైనా ఒకేసారి కనబడ్డాయా నాయనా?"

"లేదు సార్! అదే నా సిద్ధాంతానికి ఆధారం."

"మీ నాయన పగలు పంచె కట్టి, రాత్రి లుంగీ కడతాడనుకో. నీకు ఇద్దరు నాయనలా?"

నాకు ఆ మాట అప్పటికి అర్థం కాలేదు. అదేదో పెద్దల చమత్కారమనుకుని మర్యాదకు నవ్వి, బీరువా తాళం తీసి చట్రాన్ని బల్లమీద పెట్టాను. బెల్టులు విప్పాను. నాలుగు నెలల తర్వాత లోకానికి తొలి దర్శనం. కాగితాలు ఒక్కొక్కటే తీశాను. చివరి కాగితం మాత్రం లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు అంటుకుపోయి ఉంది. లాగాను. చిరిగింది.

ఎండి గోధుమరంగుకు తిరిగిన పువ్వుల కాడ నేను పెట్టిన చోటే ఉంది. దాని అడుగున, నేను ఎండలో చంపి, మామ పైన కూర్చుని అదిమి, బీరువాలో తాళం వేసిన ఆ గడ్డలోంచి, వెలుతురు లేక పాలిపోయిన నాలుగు ఆకులు పాకి వచ్చాయి. ఒకటి కాగితం అంచు దాకా పోయి దారి లేక వెనక్కు తిరిగింది. నాలుగింటి కొసలూ స్ప్రింగులాగా చుట్టుకుని ఉన్నాయి.

శాస్త్రజ్ఞుడు చివరి క్షణం దాకా ఓటమి ఒప్పుకోకూడదు కాబట్టి, "రెండవ జాతి ఆకులు పొరపాటున ఈ కాగితంలో కలిసినట్టున్నాయి సార్" అన్నాను. లెన్సు తాత ఒక ఆకును రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తారు. ఆకుతో గడ్డ వచ్చింది. గడ్డతో పువ్వుల కాడ వచ్చింది. మొత్తం గాలిలో వేలాడింది.

"బలే గట్టి పిండంరా!" అన్నాడు మామ మురిసిపోతూ. తర్వాత అనుమానం వచ్చింది. "అంటే సార్, నాదీ ఆమెదీ ఒకటేనా?"

"ఒకటే."

"పువ్వు ఆయప్ప, ఆకు నేనా?" అంది అత్త.

"అంతేనమ్మా. అయితే దీనికి కొత్తగా పేరు పెట్టడానికి లేదు. వందేళ్ళనాడే ఎవరో దొర పువ్వును చూసి పెట్టేశాడు."

మామ స్టూలు మీదనుంచి లేచాడు. "ఎవుడు సార్ ఆ దొర? నన్నడక్కుండా నా గుట్టమీదికి ఎప్పుడొచ్చినాడు?"

రెండు జాతులు పోయాయి, సిద్ధాంతం పోయింది, పరిశోధన పోయింది, రాబోయే ఏడాదికి ఉద్యోగం కూడా పోయినట్టే. నా ముఖం చూసి అత్తకు ఏడుపొచ్చింది. "నా వల్లనే సార్. ఆ పొద్దు నేను గిన్నె ఇచ్చింటే ఇది సచ్చిపోయేది. పిల్లోడు రెండు పేర్లూ పెట్టుకోనుండు" అంది.

లెన్సు తాత పడీ పడీ నవ్వారు. భూతద్దం మెడలో ఊగింది. "మీరు గిన్నె ఇచ్చి ఉంటే, తల్లీ, ఇతను ఈ పట్టికను అచ్చు వేయించి ఉండేవాడు. నేను కూడా కాపాడలేకపోయేవాణ్ణి" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, గొంతు మార్చి చెప్పారు. ఆ దొర పువ్వును మాత్రమే చూశాడట, ఆకులు తాను చూడలేదని రాసి వదిలేశాడట. తర్వాత వచ్చినవాళ్ళెవరూ వెదకలేదట. "మొదటిసారి నీ కళ్ళతో ఒకటి చూశావు. చూసి దాన్ని రెండు చేశావు. పోనీలే. ఒక్క మొక్కను ఎంచుకుని, దాని పక్కన వేసవినుంచి వేసవిదాకా ఉండు. ఏం చేస్తుందో రాయి. పట్టిక మాత్రం వద్దు. అప్పుడు రా నా దగ్గరికి."

ఉన్నాను. కాలేజీలో ఆ ఏడాదికి ఎలాగో నెట్టుకొచ్చి, సెలవు దొరికితే చాలు గుట్ట ఎక్కేవాణ్ణి. ఈసారి గుర్తుకు మామ ఒక పాత సైకిలు చక్రం పాతిపెట్టాడు. మరుసటి ఏడు లెన్సు తాత నన్ను తీసుకున్నారు. ఆయన రాసిన ఒక పెద్ద వ్యాసంలో, కింద చిన్న అక్షరాల్లో, నా పేరుతో ఒక వాక్యం ఉంది. ఈ మొక్కకు ఆకులు పూల తర్వాత వానల్లో వస్తాయని, వాటి కొసలు చుట్టుకుని ఉంటాయని. తర్వాత చాలా వ్యాసాలు రాశాను కానీ, నన్నడిగితే శాస్త్రానికి నేను చేసిన సేవ అదే.

చట్రంలో చావని ఆ గడ్డను ఆ రోజే అత్త కొంగులో కట్టుకుని ఆళ్లగడ్డకు తీసుకుపోయింది. సత్తు గిన్నెకు అడుగున మేకుతో బెజ్జం వేసి, గుట్ట మట్టి నింపి అందులో నాటింది. "అప్పుడే ఇయ్యాల్సింది, ఇప్పుడిచ్చినా" అంది. ఎండాకాలం ఎవరు వచ్చినా మామ ఆ గిన్నె చూపించి "ఇది నా పువ్వు" అనేవాడు. వానాకాలం ఎవరు వచ్చినా అత్త చూపించి "ఇది నా ఆకు" అనేది. దొర మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. వాళ్ళు మాట్లాడుకోవడం మాత్రం మొదలుపెట్టారు, ఆ గిన్నెలో ఎవరు ఎక్కువ నీళ్ళు పోశారని తగాదా పడడానికి మధ్యవర్తి పనికిరాడు కదా.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. సొట్టలు పడ్డ ఆ సత్తు గిన్నె నంద్యాలలో మా మిద్దెమీద ఉంది. ఈ వేసవిలో కూడా పొద్దువాలే వేళ కాడ వచ్చింది, గంటలు విచ్చుకున్నాయి. వంగి చూద్దామని మోకాళ్ళు ఆనించి, చివరికి అలాగే బోర్లా పడుకున్నాను. మా ఇంటావిడ మెట్లెక్కి వచ్చి, "ఏమైందండీ, ఎండదెబ్బ తగిలిందా?" అంది. లేదన్నాను. భూతద్దంలోంచి చూస్తే, గళ్ళ చొక్కా వేసుకుని, రేకు పెట్టె తగిలించుకుని, ఆకులు లేవని రాసుకుంటున్న కుర్రాడొకడు ఆ గుట్ట రాళ్ళ మధ్య ఎక్కడో ఇంకా ఉన్నట్టనిపించింది. వాడికి చెబుదామనుకున్నాను, వానలు పడేదాకా ఆగరా అని. వింటాడా? వాడప్పటికే పట్టిక గీయడం మొదలుపెట్టి ఉంటాడు.